అమ్మ నడిచిన కిలోమీటరు

బస్సు ఎనిమిదింటికి. రీడింగాయన అయిదున్నరకే బూట్లు వేసుకుని, పెట్టెలు వాకిట్లో వరసగా నిలబెట్టి, వాటి పక్కన తనూ నిలబడ్డాడు. బస్సు ముందే వచ్చేస్తే ఎలా అని ఆయన బెంగ. డెబ్భై రెండేళ్ళ జీవితంలో ఏ బస్సూ ముందు రాలేదు. కానీ వచ్చే ఆ ఒక్క రోజున తను అక్కడ లేకపోతే పరువు పోతుంది.

ఆయన నీళ్ళ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగులు రాసిన మనిషి. వీధిలో ఆ పేరే మిగిలింది. తోటివాళ్ళు ఇంట్లో కూర్చుని, టీ తాగుతూ, పోయిన నెల అంకెకి ఓ ఇరవై కలిపి రాసేసేవాళ్ళు. ఈయన మాత్రం కుక్క కరిచినా సరే, మూత ఎత్తి చూడందే అంకె వేయలేదు. రెండుసార్లు కరిచాయి కూడా. ఆ మచ్చలు ఇప్పటికీ చుట్టాలకి చూపిస్తాడు, వాళ్ళు అడగకపోయినా.

ఏడున్నరకి వాళ్ళని బస్టాండుకి తీసుకెళ్ళడానికి కూతురు టాక్సీలో వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళు, ఒంటరి మనిషి. అదే ఊళ్ళో అవతలి చివర ఉంటుంది. ప్రతి ఆదివారం పళ్ళు తీసుకుని వస్తుంది, గంటన్నర కూర్చుంటుంది, వెళ్తూ "ఆరోగ్యం జాగ్రత్త" అంటుంది.

"ఎలా ఉన్నావమ్మా?" అంది గుమ్మంలోంచే.

"నాకేం, బాగానే ఉన్నా," అంది తల్లి, కుర్చీలోంచి లేవకుండా.

ఆ ఇంట్లో ఎవరిని ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు అదే. జబ్బంటే వాళ్ళకి అప్పుచేసి పారిపోయొచ్చిన బంధువు లాంటిది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి తోసి తలుపేసేస్తారు.

కూతురు ఓ టూర్ల కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ కొత్తగా అరవై అయిదు దాటినవాళ్ళకి విహారయాత్రలు మొదలుపెట్టబోతోంది. ఏ ఊరు ముసలివాళ్ళకి పనికొస్తుందో, ఏది పనికిరాదో చూసొచ్చి చెప్పడం ఆమె పని. మామూలు జనం సరస్సు చూస్తే ఆహా అంటారు. ఈమె ఆ సరస్సుకీ దగ్గర్లోని బాత్‌రూముకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెడుతుంది. పట్టుకుని నడిచే కడ్డీల ఎత్తు, బెంచీల మధ్య దూరం, పడవకీ గట్టుకీ మధ్య ఖాళీ, ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు, ఇలా ఫారంలో అరవై నాలుగు గడులు. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. అరవై అయిదు దాటిన ఇద్దరు, నాడి కొలిచే వాచీలు కట్టుకుని, నాలుగు రోజుల పాటు రోజూ ఒక కిలోమీటరు నడిచి చూడాలి.

ఆ ఇద్దరినీ మామూలుగా కంపెనీయే పంపుతుంది. ఈసారి ఆమె తన అమ్మానాన్నల్ని తెస్తానంది. వాళ్ళని ఎక్కడికీ తీసుకెళ్ళలేదన్న బాధ పదేళ్ళుగా ఉంది. ఆఫీసు పని మీద తీసుకెళ్తే ఆ బాధా తీరుతుంది, సెలవులూ మిగులుతాయి. మధ్యతరగతి మనిషి పుణ్యం చేసినా రెండు పనులు కలిసొచ్చేలా చేస్తాడు.

"ఈ రిపోర్టు పాసైతే నన్ను పర్మినెంటు చేస్తారమ్మా. ఎనిమిదేళ్ళయింది కాంట్రాక్టు మీద," అంది టాక్సీలో, తల్లి మణికట్టుకి వాచీ కడుతూ.

"పాసవుతావులే."

"నేను కాదమ్మా, సరస్సు పాసవ్వాలి."

"అదీ అవుతుంది. నీకంటే బాగా చదువుతుంది," అంది తల్లి. తండ్రి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు.

సరస్సు బాగుంది. చుట్టూ కొండలు, ఒడ్డు వెంబడి చదునైన రాతి దారి, దాని మీద ఓ చిన్న వంతెన, పక్కనే బాతులు. లాడ్జి ఒడ్డుకి కాస్త ఎగువన ఉంది. రీడింగాయన నీళ్ళ వైపు చూడకముందే లాడ్జి వెనక్కి వెళ్ళి మీటరు మూత ఎత్తి చూసొచ్చాడు.

"తిరగడం లేదు," అన్నాడు. "కళ్ళ ముందు అంత నీరుంది, మీటరు మాత్రం సున్నా దగ్గర నిద్రపోతోంది. లాడ్జికి నూటికి నలభై."

"నాన్నా, మార్కులు వేసేది నేను."

"నువ్వు ఫారంలో వేసుకో. నేను విడిగా వేసుకుంటా."

కింది అంతస్తులో, వెనక వైపు గది వాళ్ళిద్దరికీ ఇచ్చారు. కూతురు పై అంతస్తులో దిగింది, ఎందుకంటే మెట్లు కూడా పరీక్షించాలి. మొదటి రోజు పొద్దున్నే కిందకి వచ్చి, "మంచం ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"దూదిలా ఉంది."

మంచం: బాగుంది, అని రాసుకుంది.

కంపెనీది ఒక నియమం ఉంది. నడక జరిగేటప్పుడు రిపోర్టు రాసేవాళ్ళు పక్కన ఉండకూడదు. ఎవరైనా చూస్తున్నారంటే పెద్దవాళ్ళు రోషానికి పోయి కుర్రాళ్ళలా నడుస్తారు, తర్వాత మంచం ఎక్కుతారు. పక్కన ఎవరూ లేకపోతేనే నిజం తెలుస్తుందని ఆ నియమం రాసిన పెద్దమనిషి నమ్మకం. ఆయనకి పిల్లలు లేరు కాబోలు.

అందుకని పొద్దున వాళ్ళు నడకకి వెళ్ళే వేళకి ఆమె టేపు పట్టుకుని పడవల రేవుకో, బాత్‌రూముల వైపుకో వెళ్ళిపోయేది. గేటు నుంచి మొదటి బెంచీకి డెబ్భై మీటర్లు, ఫరవాలేదు. రేవు దగ్గర పట్టుకునే కడ్డీ ఉంది, గట్టిగా ఉంది. బాత్‌రూము ముందు నేల మీద బకెట్టుతో నీళ్ళు పోసి, చెప్పులు విప్పి, జారి చూసింది. జారలేదు. పక్కనున్న పడవాయన చాలాసేపు చూసి, "ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు. సాయంత్రాలు గదిలో కూర్చుని అంకెలు ఎక్కించేది. అమ్మానాన్నలతో కలిసి టీ తాగడానికి రోజుకి పదిహేను నిమిషాలు కేటాయించుకుంది. ఆ పదిహేను నిమిషాల్లోనూ కప్పు పిడి ముసలి వేళ్ళకి సరిపోతుందా లేదా చూస్తూ కూర్చుంది.

మూడో రోజు మేనేజరు ఫోన్ చేశాడు.

"మీ అమ్మగారికి నిజంగా అరవై తొమ్మిదా? నాకు యాభై రెండు, రెండు మెట్లెక్కితే లిఫ్టు గుర్తొస్తుంది. నాడి చూడండి, గడియారంలా కొట్టుకుంటోంది. ఇరవై మందితో మొదటి టూరు వచ్చే నెలలోనే వేసేద్దాం. మీ ఆర్డరు కూడా రెడీ చేయిస్తున్నాను."

ఆమె పరుగున కిందికి దిగింది. ఆ సంతోషం తల్లికి చెబితే, తల్లి ఆమె చెంప నిమిరి, "చెప్పాను కదా," అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. సరస్సు గాలి అనుకుంది కూతురు. 'గాలి: చల్లగా, హాయిగా' అని ఒక గడి నింపింది.

నాలుగో రోజు పొద్దున ఆఖరిసారి అంకెలు సరిచూస్తుంటే అనుమానం వచ్చింది. మొదటి మనిషి నాడి ఎనభై నాలుగు, రెండో మనిషిదీ ఎనభై నాలుగు. వంతెన దగ్గర ఇద్దరికీ తొంభై ఏడు. బెంచీ దగ్గర ఇద్దరికీ ఎనభై ఎనిమిది. మూడు రోజులూ, ప్రతి నిమిషానికీ అదే వరస. ఆలుమగలు పాలూ నీళ్ళలా కలిసిపోవాలని పెళ్ళిలో దీవిస్తారు గానీ, నలభై నాలుగేళ్ళు కీచులాడుకున్న ఏ జంటకీ గుండె ఇంత ఒద్దికగా కొట్టుకోదు. వాచీలు పాడైపోయి ఉంటాయి అనుకుంది. మార్చేద్దామని ఒడ్డుకి పరిగెత్తింది.

ఎండ బాగా కాస్తోంది. దారి మీద రీడింగాయన స్వెట్టరు వేసుకుని, చేతుల్ని వేళ్ళ దాకా అందులో దాచుకుని, ఒక్కడే నడుస్తున్నాడు. మొహం మీంచి చెమట కారుతోంది.

"అమ్మ ఏది నాన్నా?"

"వెనకాల వస్తోంది."

వెనకాల రెండు బాతులు వస్తున్నాయి.

"చేతులు చూపించు."

"ఎందుకిప్పుడు? నడక పాడవుతుంది."

ఆమె స్వెట్టరు చేతులు పైకి లాగింది. ఎడమ చేతికో వాచీ, కుడి చేతికో వాచీ. రెండూ తొంభై రెండు చూపిస్తున్నాయి.

"నాలుగు రోజులూ ఇదేనా?"

"మొదటి రోజు బయల్దేరింది," అన్నాడు తండ్రి. "గేటు దాకా వచ్చింది."

"ఇరవై మంది వస్తారు నాన్నా ఇక్కడికి. నీ అంకెలు చూసి వస్తారు. వాళ్ళలో ఒక్కరు ఈ దారిలో కూలబడితే ఎవరిది బాధ్యత? మూత ఎత్తందే అంకె రాయలేదని ఊరందరికీ చెప్పావు కదా. కుక్క కరిచిన చోటు చూపిస్తావు కదా. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళని ఎంతెంత మాటలన్నావు?"

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. వాచీలు విప్పడానికి చూశాడు. పట్టీ ఊడి రాలేదు.

"మూత నాలుగు నెలల కిందటే ఎత్తి చూపించాడు డాక్టరు," అన్నాడు. "మీ అమ్మ గుండె పావు వంతే పనిచేస్తోందట. ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోదట. ఏడాది అన్నాడు. తర్వాత నేనొక్కణ్ణే మళ్ళీ వెళ్ళి అడిగితే, ఏడాది కూడా అనుమానమే లెండి అన్నాడు. నాకు చూడ్డానికి ధైర్యం చాల్లేదమ్మా. మూసేశాను."

కూతురు నిలబడే ఉంది. 

"ఎక్కడుంది?" అంది చివరికి.

తల్లి లాడ్జి వెనక దుప్పట్ల గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తలగడ గలీబులు మడతపెడుతోంది. ఎదురుగా లాడ్జిలో బట్టలు ఉతికే ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా ఉన్నారు. కూతురి మొహం చూడగానే తల్లి చేతిలోది ఒళ్ళో పెట్టుకుంది.

"తెలిసిపోయిందా? ఆ మనిషికి అబద్ధం చేతకాదే. ఎండలో ఆ స్వెట్టరు వద్దని మొత్తుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి చేసేదాన్ని. ఇంకో డాక్టరుకి చూపించేదాన్ని."

"చూపించాం. ఇద్దరికి. రెండో ఆయన ఇంకా మంచి కుర్చీ వేశాడు, అంతే తేడా."

"ప్రతి ఆదివారం వస్తున్నాను కదా. ఒక్క ఆదివారం చెప్పలేకపోయావా?"

"వస్తున్నావు," అంది తల్లి. గొంతు పెంచలేదు. "వచ్చి, పది నిమిషాలకోసారి ఫోన్‌లో టైము చూసుకుంటావు. బస్సుకి నిలబడ్డ మనిషికి ఏం చెబుతాం తల్లీ?"

ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కన పెట్టింది. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక, గుమ్మం వైపు సగం తిరిగి నిలబడి, "మీకు తెలుసనుకున్నానమ్మా," అంది కూతురితో. "పడుకుంటే ఊపిరాడదు కదా అమ్మగారికి. రాత్రంతా కుర్చీలోనే కూర్చుని నిద్రపోతారు. అందుకే నాలుగు తలగడలు ఎక్కువిచ్చాను. కాళ్ళు కూడా బాగా పొంగాయి. చెప్పులు పట్టకపోతే నావి ఇచ్చాను."

కూతురు అప్పుడు తల్లి పాదాలు చూసింది. ఎవరివో పెద్ద రబ్బరు చెప్పులు. వాటిలోనూ పాదాలు ఇమడడం లేదు. పడవకీ గట్టుకీ మధ్య ఎన్ని అంగుళాల ఖాళీ ఉందో ఆమెకి తెలుసు. ఆసుపత్రికి ఎన్ని నిమిషాలో తెలుసు. మెట్ల ఎత్తు తెలుసు. అమ్మ పడుకుని నిద్రపోయి ఎన్ని నెలలైందో నాలుగు రోజుల కింద పరిచయమైన మనిషికి తెలుసు.

"ఇంత కష్టంగా ఉంటే ఎందుకు వచ్చావమ్మా?" అంది. 

"నాలుగు రోజులుంటావన్నావు. నువ్వు మా దగ్గర నాలుగు రోజులుండి పదేళ్ళైంది." తల్లి ఊపిరి కోసం ఆగింది. "ఉన్నావు కూడా. ఈ పక్క కిటికీలోంచి ఒడ్డు దారి ముక్క కనబడుతుంది, అందులో కనబడుతూనే ఉన్నావు. టేపు పట్టుకుని ఆ బెంచీ నుంచి ఈ బెంచీకి. మొన్న బాత్‌రూము ముందు జారబోయి జారలేదు చూడు, ఇద్దరం ఎంత నవ్వుకున్నామో. ఎంత శ్రద్ధగా చేస్తుందో నా కూతురు అని ఈవిడకి చెప్పాను."

"చెప్పారు," అంది ఇస్త్రీ ఆవిడ.

"ఈ ఉద్యోగం గట్టిపడితే నాకు దిగులుండదు. తర్వాత నీకెవరున్నారు? మీ నాన్నా? ఆయన బస్టాండులో ఉంటాడు, మర్నాటి బస్సు కోసం."

కూతురికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. నేల మీద, మడతపెట్టిన దుప్పట్ల మధ్య కూర్చుని, తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. తల్లి ఆపమనలేదు. ఇస్త్రీ ఆవిడ ఓ గలీబు తెచ్చి ఇచ్చింది. అప్పుడే ఇస్త్రీ చేసింది, వెచ్చగా ఉంది.

ఫోన్ మోగింది. మేనేజరు. ఆఖరి రోజు అంకెలు ఇంకా రాలేదట.

"రెండో మనిషి నడవలేదు సార్," అంది ఆమె, కళ్ళు తుడుచుకుని. "ఒక్క మనిషే రెండు వాచీలు కట్టుకుని నడిచాడు. మా నాన్న."

అవతల మేనేజరు తలుపు మూసిన చప్పుడైంది.

"ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు సార్."

"మరి ఎందుకు చెబుతున్నారు? ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది."

"గేటు నుంచి మొదటి బెంచీకి డెబ్భై మీటర్లు సార్. ఫరవాలేదని రాశాను. మా అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. టూరులో వచ్చేవాళ్ళు కూడా ఇంట్లో బాగానే ఉన్నామని చెప్పే వస్తారు."

"నేను పైవాళ్ళకి చెప్పక తప్పదు. కాంట్రాక్టు ఈ నెలాఖరుకి..."

"తెలుసు సార్."

తల్లి అంతా వింది. మొహం నల్లబడింది. "నా వల్ల పోయిందే," అంది. "నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయాను." చనిపోబోతున్న మనిషి కూతురి ఉద్యోగానికి క్షమాపణ చెబుతోంది. అప్పటికి తండ్రి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెండు వాచీలూ అలాగే ఉన్నాయి చేతులకి.

"సరస్సు దాకా తీసుకెళ్ళనా అమ్మా? కుర్చీతో సహా ఎత్తుకుని వెళ్దాం. నేనూ నాన్నా."

"వద్దు. ఆయన నడుము పట్టేస్తే ఇద్దరు రోగులవుతాం." తల్లి బయటికి చూసింది. "ఆ పెరట్లో కాస్త గాలి ఉన్నట్టుంది. అక్కడికి వెళ్దాం."

గుమ్మం నుంచి పెరడు నాలుగు బారలుంటుంది. కూతురు ఒక వైపు పట్టుకుంది, తండ్రి కుర్చీ మోసుకుని ముందు నడిచాడు. ఏడు అడుగులకి తల్లి ఆగింది. ఆయన కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చుంది, ఊపిరి తీసుకుంది, లేచింది. ఆయన కుర్చీ తీసి మళ్ళీ ముందు నడిచాడు. ఇంకో అయిదు అడుగులు. మళ్ళీ కుర్చీ. అలా పెరటి మధ్యకి చేరేసరికి చాలాసేపు పట్టింది. కూతురు ఒక్కసారి కూడా టైము చూడలేదు.

అక్కడి నుంచి కనబడేవి ఉతికి ఆరేసిన దుప్పట్లు, గ్యాసు సిలిండర్లు, ఓ పాత వ్యాను. సరస్సు లాడ్జికి అవతల ఉంది.

"ఇక్కణ్ణుంచి నీళ్ళు కనబడవు," అన్నాడు తండ్రి, తప్పు తనదే అన్నట్టు.

"ఫరవాలేదు. నువ్వెళ్ళి దీనికో కుర్చీ తీసుకురా."

ఆయన ఆరేసిన దుప్పట్ల అవతలికి వెళ్ళాడు. కూతురు తల్లి పక్కన గచ్చు మీద కూర్చుని, పొంగిన పాదం ఒళ్ళోకి తీసుకుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఎలా ఉందమ్మా?"

తల్లి అలవాటు కొద్దీ నోరు తెరిచింది. నాకేం అనబోయింది. 

"భయంగా ఉందే," అంది. "మీ నాన్నకి చెప్పలేదు. ఆయన తట్టుకోలేడు. నిద్రపోతే ఊపిరి ఆగిపోతుందేమోనని మేలుకునే ఉంటాను. పొద్దున వెలుగొస్తే, సరే ఈ రోజుకి ఉన్నాను అనుకుంటాను. మళ్ళీ సాయంత్రమైతే భయం. చాలా భయంగా ఉంది."

 కూతురు ఆ పాదాన్ని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది.

"నేనూ మేలుకుంటాను," అంది. "ఇవాళ్టి నుంచి నీ దగ్గరే ఉంటాను. పని కూడా లేదుగా."

తల్లి తల ఊపింది. వద్దనలేదు. వద్దనకపోవడానికే కూతురికి అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

కుర్చీ తేవడానికి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. కూతురు తల తిప్పి చూసింది. ఆరేసిన పెద్ద దుప్పటి కింద నుంచి ఆయన బూట్లు కనబడుతున్నాయి. ఇటువైపే తిరిగి ఉన్నాయి. చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నట్టున్నాయి. అంతా వినే ఉంటాడు. బూట్లు కదలడం లేదు గానీ, దుప్పటి మాత్రం ఒకచోట పిడికిలితో పట్టుకున్నట్టు నలిగి, సన్నగా వణుకుతోంది.

"నాన్నా," అని పిలవబోయింది.

"పిలవకు," అంది తల్లి మెల్లగా. "మొహం తుడుచుకుని తనే వస్తాడు."

ఇద్దరూ ఆ బూట్ల వైపు చూస్తూ కూర్చున్నారు.